మీవాడు ఏ సెక్షన్?

(మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి గురించి ఏం చెప్పినా ఈ హాల్లో ఉన్నవాళ్ళకు తెలిసిందే అవుతుంది. అందుకని ఒక్క సంగతి గుర్తుచేసి అసలు విషయంలోకి వెళతాను. ఆయన దిద్దిన లెక్కల పేపర్లలో మార్కులు మొదటి పేజీ మీద ఉండేవి కావు. ఆఖరి పేజీ అడుగున చిన్న అంకెల్లో వేసేవారు. అక్కడిదాకా చేరాలంటే పేజీలన్నీ తిప్పాలి. తిప్పుతుంటే ఏ మెట్టు దగ్గర తప్పామో ఎర్రసిరా చెబుతూనే ఉండేది. పేపర్లు పంచడం కూడా హాజరుపట్టీ వరసలోనే. అలాగని ఆయనకు పోటీ అంటే గిట్టదనుకునేరు! కబడ్డీలో పక్కఊరి స్కూలు చేతిలో ఓడి వస్తే ఆ సాయంత్రం మా మొహం చూసేవారు కాదు. వక్తృత్వ పోటీకి పిల్లల్ని తయారుచేయడానికి రాత్రిళ్ళు కూర్చునేవారు. లెక్కల పేపరు మాత్రం ఆయన దృష్టిలో పోటీ కాదు. ఏం వచ్చో ఏం రాదో తెలుసుకునే పని. ఈ రెండిటినీ ఆయన ఏనాడూ కలపలేదు. మనం కలిపేశాం. కలిపినందువల్ల పిల్లలు తమ గురించి తాము ఏమనుకుంటున్నారు, ఏం చదవాలని ఎంచుకుంటున్నారు అన్నదే ఈవేళ నా విషయం.

పెళ్ళిలో భోజనాల బంతి మీద కూర్చున్నా, బస్సులో పక్కన చోటు దొరికినా, ఇంటర్ చదివే పిల్లవాడు కనబడితే మన పెద్దలు అడిగే ప్రశ్నలు మూడే. ఏ గ్రూపు? ఏ కాలేజీ? ఏ సెక్షన్? మూడోదానికి జవాబు చెప్పేటప్పుడు పిల్లవాడి గొంతు గమనించండి. పై సెక్షన్ వాడు అడక్కముందే చెబుతాడు. కింది సెక్షన్ వాడు నీళ్ళు నములుతాడు, లేదా వాడి తండ్రి మాట మారుస్తాడు.

ఇంట్లో ఇంటర్ పిల్లలు లేనివాళ్ళకు ఈ సెక్షన్ల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. పదో తరగతి పరీక్షలు ఇంకా నెలల దూరంలో ఉండగానే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ళకు వస్తారు. రాబోయే మార్కుల్ని బట్టి ఫీజులో రాయితీ. పక్కింటి పిల్లకు ఎంత తగ్గించారో, తనకెంత తగ్గించారో విద్యార్థికి తెలుస్తూనే ఉంటుంది. పదిహేనేళ్ళకే తనకొక ధర ఉందని, అది పక్కింటి పిల్ల ధర కంటే ఎక్కువో తక్కువో అని గ్రహిస్తాడు. చేరాక ఒక పరీక్ష పెట్టి సెక్షన్లుగా విడగొడతారు. పై సెక్షన్‌కు ఐఐటీ పేరో నక్షత్రం పేరో పెడతారు. కింది సెక్షన్లకు పేరుండదు, ఒక అక్షరం ఉంటుంది. పైవాళ్ళకు పేరున్న లెక్చరర్లు. కిందివాళ్ళకు ఆ ఏడే ఎమ్మెస్సీ ముగించి వచ్చిన కుర్రవాడు, అతను కూడా ఎప్పుడు మానేస్తాడో తెలియదు. వారం వారం పరీక్ష. సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద జాబితా. పేరు పక్కన మార్కులు, మార్కుల పక్కన ర్యాంకు. అదే జాబితా తండ్రి ఫోనుకు మెసేజ్‌గా కూడా వెళుతుంది. కొన్ని వారాలకోసారి కొందరు పైకి, కొందరు కిందికి. చాలాచోట్ల హాస్టల్ గదులు కూడా సెక్షన్ల ప్రకారమే. కాబట్టి కిందికి దిగినవాడు పుస్తకాలతోపాటు ట్రంకుపెట్టె, పరుపు, బకెట్టు మోసుకుంటూ అందరూ చూస్తుండగా వేరే అంతస్తుకు మారాలి.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. నా క్లాసులో పల్నాడులోని ఒక మండల హైస్కూలు నుంచి పదికి పది జీపీఏతో వచ్చిన అబ్బాయి ఉండేవాడు. వాళ్ళ ఊరి బస్టాండులో వాడి ఫొటోతో ఫ్లెక్సీ కట్టారట. ఇక్కడ మూడో సెక్షన్‌లో పడ్డాడు. గణితానుగమనం చెబుతూ ఒక లెక్క ఇచ్చాను. పుస్తకంలో లేని దారి పట్టి, రెండు మెట్లు తగ్గించి చేశాడు. "బాగుందిరా, వచ్చి బోర్డు మీద చెయ్యి" అన్నాను. లేవలేదు. రెట్టిస్తే, "వద్దు సార్, నాది థర్డ్ సెక్షన్ బుర్ర" అన్నాడు. చేతిలో ఉన్న లెక్క వాడికి వచ్చు. అది వాడి కళ్ళెదుటే ఉంది. అయినా గోడ మీది జాబితానే నమ్మాడు.

ఇది ఒక్క పిల్లవాడి బెంగ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. మనిషి తన సామర్థ్యాన్ని అంచనా వేసుకోవడానికి పక్కవాడితో పోల్చుకుంటాడని లియోన్ ఫెస్టింజర్ 1954లోనే సిద్ధాంతీకరించాడు. ఆ తర్వాత హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచి బడుల్లో దీన్ని పరీక్షిస్తూ వచ్చాడు. సమానమైన తెలివి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకర్ని మామూలు బడిలో, ఒకర్ని అందరూ చురుకైనవాళ్ళే ఉన్న బడిలో వేస్తే, రెండో పిల్లవాడికే చదువులో తన మీద తనకు నమ్మకం తగ్గుతుందని తేల్చాడు. 'చిన్న చెరువులో పెద్ద చేప' అని దానికి ఆయన పెట్టిన పేరు. చాలా దేశాల్లో ఇదే ఫలితం వచ్చింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆయన చెప్పిన ఇంకో మాట. ఆ నమ్మకం ఎంత ఉందన్నదాన్ని బట్టే పిల్లలు తర్వాత ఏ సబ్జెక్టులు తీసుకోవాలో, ఎంతదాకా చదవాలో నిర్ణయించుకుంటారట. మంచి కాలేజీలో చేర్చామని తల్లిదండ్రులు ఊరట పడుతుంటే, లోపల పిల్లవాడు ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వస్తుంటాడు.

ఎంపికల సంగతికి వస్తే, అన్నిటికంటే విచిత్రమైనది రెండో భాష. కార్పొరేట్ కాలేజీల్లో లక్షలాది తెలుగు పిల్లలు ఇంటర్లో సంస్కృతం తీసుకుంటారు. కాళిదాసు మీద మోజుతో తీసుకుంటే నేను చేతులెత్తి దండం పెడతాను. అదేం కాదు. సంస్కృతం పేపరు ఏటా ఇంచుమించు ఒకే మూసలో వస్తుంది, నాలుగు జవాబులు బట్టీ పడితే నూటికి 98, 99 పడతాయి. తెలుగులో అన్ని వేయరు. మరి ఆ ఎనిమిదో పదో మార్కులు ఎక్కడ పనికొచ్చాయి? ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చినప్పుడు కూడా లెక్కలోకి తీసుకున్నది గ్రూపు సబ్జెక్టుల్నే. భాషల మార్కులు అందులోకి రావు. ఎంపీసీ మొదటి సంవత్సరంలో 470కి 466, రెండేళ్ళు కలిపి 1000కి 990 అని ఫ్లెక్సీ మీద వేసుకోవడానికే అవి పనికొచ్చాయి. అంటే సీటు తేని మార్కుల కోసం, చుట్టాలకు చెప్పుకునే మొత్తం కోసం, పిల్లలు తమ భాషను వదిలేసి తమకు రాని భాషలో నూటికి 99 తెచ్చుకున్నారు. తొమ్మిదో తరగతిలో పోతన పద్యాలు గొంతెత్తి పాడిన అమ్మాయిని నేనెరుగుదును. "తెలుగు తీసుకుంటే టోటల్ పడిపోతుంది సార్" అంది. ఎవరూ బలవంతపెట్టలేదు, తనే ఎంచుకున్నానంది. నిజమే, దరఖాస్తు మీద సంతకం ఆ అమ్మాయిదే.

గ్రూపు విషయంలోనూ ఇంతే. సీఈసీ, హెచ్ఈసీ అనగానే "పాపం, ఎంపీసీ రాలేదా?" అని అడుగుతాం. చరిత్ర మీద ఇష్టంతో హెచ్ఈసీలో చేరే పిల్లలు ఉంటారన్న ఊహే మనకు రాదు. ఆ ఇష్టం ఉన్న పిల్లలు కూడా దాన్ని పైకి చెప్పడం మానేశారు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇదంతా సీట్ల కొరత వల్లే అంటారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఇంజనీరింగ్ కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో డబ్బున్నవాళ్ళు కర్ణాటక వెళ్ళి డొనేషన్ కట్టి చేరేవారు. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. ప్రవేశ పరీక్షలు వచ్చాయి. తర్వాత ప్రైవేటు కాలేజీలు వందల్లోకి పెరిగాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఊరూరా వెలిశాయి. ఇప్పుడు ఏటా కౌన్సెలింగ్ ముగిశాక వేలకు వేలు సీట్లు మిగిలిపోతున్నాయి. ఇంజనీర్ కావాలనుకున్న పిల్లవాడికి సీటు దొరకని పరిస్థితి తెలుగు నేల మీద లేదు. అయితే భయం తగ్గాలి కదా? తగ్గకపోగా పెరిగింది. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. ఆరో తరగతి నుంచి అనేవాళ్ళూ ఉన్నారు.

బ్రిటిష్ ఆర్థికవేత్త ఫ్రెడ్ హిర్ష్ 1976లో దీనికొక వివరణ ఇచ్చాడు. కొన్నిటికి విలువ వాటి ఉపయోగంలో లేదు, అవి పక్కవాడి దగ్గర లేకపోవడంలో ఉంది. ఈ సభలో ముందువరసవాళ్ళు లేచి నిలబడితే వెనకవాళ్ళు కూడా లేవాలి. చివరికి అందరికీ కాళ్ళ నొప్పులే గాని ఎవరికీ ఎక్కువ కనబడదు. మన చదువుల్లో జరిగింది అదే. ఇంజనీరింగ్ అందరికీ అందగానే ఇంజనీరింగ్‌కు విలువ పోయింది, ఐఐటీకి వచ్చింది. ఐఐటీలో కూడా సీఎస్ఈ అయితేనే. మామూలు కాలేజీల్లో సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్ సీట్లు, దాని పక్కన కృత్రిమ మేధ అని, డేటా సైన్స్ అని తోకలు తగిలించిన సీట్లు పెంచుకున్నారు. ఇంజనీరు కె.ఎల్.రావు గారిని కన్న నేల మీద, రెండు నదుల మీద ఇన్ని ప్రాజెక్టులు కట్టుకున్న చోట, సివిల్ ఇంజనీరింగ్ మిగిలిపోయిన పిల్లల బ్రాంచీ అయింది. పిల్లలకు కాలువలన్నా వంతెనలన్నా ఆసక్తి లేక కాదు. సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి సాఫ్ట్‌వేరా?" అన్న మాట ఇంట్లో వింటూ పెరిగారు.

చదువుతో గొప్ప ప్రదర్శించడం నిన్నమొన్నటిది కాదు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం గుర్తుచేసుకోండి. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఆ సంగతి కప్పిపుచ్చడానికి గిరీశం వెంట వచ్చాడు. తల్లి ముచ్చటపడి ఇంగ్లీషు మాట్లాడమంటే గురుశిష్యులిద్దరూ నోటికొచ్చిన పద్యాలు అప్పజెప్పి ఆమెను మురిపించారు. గురజాడ దాన్ని నవ్వులాటగా రాశారు. మనం దానికి ఫీజు కడుతున్నాం.

ఈ పోటీ అందరి మీదా ఒకేలా పనిచేయదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి మూడు వేల మంది పిల్లల జీవితాల్ని ఏళ్ళ తరబడి గమనించిన 'యంగ్ లైవ్స్' అధ్యయనంలో తేలిన విషయాల్లో ఒకటి, ప్రైవేటు బడుల్లో చేర్చడంలో మగపిల్లలకు ఇచ్చిన ప్రాధాన్యం. ఒకే ఇంట్లో కొడుకును వ్యాన్ ఎక్కించి ఇంగ్లీషు మీడియానికి పంపి, కూతుర్ని నడిపించి సర్కారు బడికి పంపారు. ఎవరి మీద డబ్బు పెట్టవచ్చు, ఎవరి మీద పెట్టనక్కర్లేదు అన్నది ఆ అమ్మాయి తన గురించి నేర్చుకున్న తొలి పాఠం. దళిత, గిరిజన కుటుంబాల నుంచి మొదటి తరంలో వచ్చినవాళ్ళకు ఇంకో బరువు అదనం. ర్యాంకు వచ్చినా "నీకు ఏ కేటగిరీలో?" అనే ప్రశ్న వెంటపడుతుంది.

ఇక్కడ మీలో కొందరు నన్ను అడ్డుకోవాలి. "అయ్యా, మావాడు ర్యాంకు వల్లే కదా కూలి ఇంటి నుంచి కలెక్టరాఫీసుదాకా వెళ్ళాడు?" అని. ఒప్పుకుంటాను. 1971లో సర్వేల్‌లోనూ, ఆ మరుసటి ఏడు తాడికొండలోనూ పెట్టిన గురుకులాల్లోకి ప్రవేశ పరీక్ష రాసి వెళ్ళిన పల్లెటూరి పిల్లలు ఎక్కడెక్కడికి చేరారో మనం చూశాం. పరీక్ష లేని చోట సిఫార్సు రాజ్యమేలుతుంది, డొనేషన్ రాజ్యమేలుతుంది. ప్రవేశ పరీక్ష బీదవాడికి దొరికిన తలుపు, దాన్ని నేను మూయమనను. కాని తలుపు దగ్గర ఒకసారి కొలవడం వేరు, లోపలికి వచ్చాక ప్రతి సోమవారం కొలిచి గోడకు అంటించడం వేరు. తాడికొండ పిల్లలు ఒక్కచోట తిని, ఒక్కచోట పడుకుని, ఒకే మాస్టారి దగ్గర చదివారు. వాళ్ళకు మొదటి సెక్షన్ అన్నం, మూడో సెక్షన్ అన్నం అని లేవు.

గోడ మీది అంకెను అంతగా నమ్మితే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ చూసింది. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 వచ్చాయి. ఫెయిలైనవాళ్ళందరి పేపర్లూ ప్రభుత్వమే ఉచితంగా తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. కంప్యూటరు తప్పు కావచ్చు, దిద్దినవాళ్ళ తప్పు కావచ్చు. కాని ఒక్క పిల్లవాడికైనా "ఇది నా మార్కు కాదు, ఎక్కడో పొరపాటు జరిగింది" అని నిలబడి చెప్పగల ధైర్యం మనం ఇచ్చి ఉంటే? రెండేళ్ళపాటు అంకె చెప్పిందే నువ్వు అని చెప్పాం. ఆ రోజు కూడా అంకెనే నమ్మారు. దేశం మొత్తం మీద ఏడాదికి 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకుంటున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అన్నీ పరీక్షల వల్ల కాదు. కాని అన్నిటినీ వేరే కారణాల ఖాతాలో వేసి నిద్రపోవడానికీ లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అంటే చేశాయి. 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. ఇంటర్ కాలేజీలు పిల్లల్ని నడిపే తీరు మార్చాలని కమిటీ చెప్పింది, కాలేజీలు మారలేదు. పదో తరగతిలో మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టారు. పత్రికల్లో ర్యాంకుల బదులు "మా పిల్లలకు ఇన్ని పదికి పదులు" అని ప్రకటనలు వచ్చాయి. ఇప్పుడు తెలంగాణ మళ్ళీ మార్కులకే వచ్చింది. ర్యాంకుల ప్రకటనల్ని ఆంధ్రప్రదేశ్ 2022లో పదో తరగతి ఫలితాలప్పుడు నిషేధించింది. 2025 జులైలో సుప్రీంకోర్టు అంతకంటే గట్టి మాట చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసు అది. ఆమె తండ్రి కోర్టుకెక్కాడు. దర్యాప్తు సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు కోర్టు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని అందులో ఉంది. తల్లిదండ్రులుగా మీరు ఎప్పుడైనా కాలేజీకి వెళ్ళినప్పుడు ఈ తీర్పు సంగతి ఎత్తండి. "మా అబ్బాయిని ఏ సెక్షన్‌లో వేశారు?" అని అడిగే బదులు "సెక్షన్లు ఎందుకు విడగొట్టారు?" అని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. అడ్మిషన్ల రోజుల్లో పాతికమంది అడిగితే వింటారు, ఆ రోజుల్లో వాళ్ళకు మనతో పని ఉంటుంది.

చివరిగా స్మారక సంఘం వారికి ఒక విన్నపం. కాస్త కటువుగా ఉంటే మన్నించండి. మాస్టారి పేరున ఏటా పదో తరగతిలో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన పిల్లలకు ఈ వేదిక మీద నగదు బహుమతి ఇస్తున్నారు. ఇవాళ తీసుకున్న ముగ్గురికీ నా అభినందనలు, వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని ఆ ముగ్గురి ఇళ్ళకూ పీఆర్వోలు ఇప్పటికే వచ్చి వెళ్ళి ఉంటారు. మార్చిలో లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీ రాసే పిల్లలు మన ఊరి హైస్కూల్లో ఏటా ఉంటారు. వాళ్ళ ఇళ్ళకు ఎవరూ రారు. వచ్చే ఏడాది నుంచి ఆ డబ్బుతో ఫలితాలు వచ్చినప్పటి నుంచి సప్లిమెంటరీదాకా ఈ గ్రంథాలయం హాల్లో వాళ్ళకు లెక్కలు చెప్పించండి. చెప్పడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, జీతం అక్కర్లేదు. పేపర్లు దిద్దే పద్ధతి మాస్టారిదే పెట్టుకుందాం.